జెట్ స్కీకి అదనపు హార్స్‌పవర్: గోపాల్‌పూర్ ఇసుకలో, చిలికా నాచులో గిట్టుబాటు ఎంత?

సంక్షిప్తంగా: అద్దెకు తిరిగే జెట్ స్కీలకు ఇంజన్ శక్తి పెంచే కిట్లు చాలావరకు గిట్టుబాటు కావు. శక్తి ఎంత శాతం పెరిగితే వేగం అందులో సగం లోపే పెరుగుతుంది. ఒడిశా దక్షిణ తీరపు ఇసుక, కెరటం, వేడి నీరు ఆ సగాన్ని కూడా కోసేస్తాయి. అరిగిన పంపును సరిచేసి, మోసే బరువుకు తగిన ఇంపెల్లర్ (పంపులో నీటిని తోసే రెక్కల చక్రం) వేస్తే అంతకంటే తక్కువ డబ్బుకే తేడా కనిపిస్తుంది. కంపెనీయే సాఫ్ట్‌వేర్‌తో శక్తి తగ్గించి అమ్మిన ఇంజన్ల విషయంలో, పోటీలకు వాడే బండ్ల విషయంలో మాత్రం లెక్క వేరు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ఈ మొత్తం వ్యవహారంలో కొత్తగా వచ్చిన చిక్కు.

## ప్రశ్న ఎందుకు వస్తోంది

బరంపురానికి దగ్గరలోనే గోపాల్‌పూర్, చిలికా దక్షిణపు కొసన రంభ. గంజాం జిల్లాకు వచ్చే పర్యాటకులు నీళ్లలో దిగేది ఎక్కువగా ఈ రెండు చోట్లే. సెలవు దినాల్లో ఇచ్ఛాపురం వైపు నుంచి కూడా జనం వస్తారు. గోపాల్‌పూర్‌లో నోలియాలని పిలిచే మత్స్యకారుల ఇళ్లలో మాట్లాడేది తెలుగే. తెప్ప మోటార్ల సంగతి తెలిసిన ఈ కుర్రాళ్లకు జెట్ స్కీ ఇంజన్ కూడా పరాయిదేమీ కాదు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి రెండు సీజన్లు తిరిగాక మునుపటిలా లాగదు. సరిగ్గా అప్పుడే ఫోన్లో ఏదో వీడియో కనిపిస్తుంది: ఫిల్టరు మార్చండి, ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు) రీమ్యాప్ చేయించండి, అంటే అందులోని లెక్కలు తిరగరాయించండి, ముప్పయి నలభై హార్స్‌పవర్ పెరుగుతుంది. అందులో చెప్పే అంకెలు అబద్ధం కాకపోవచ్చు. కానీ అవి చల్లటి మంచినీటి సరస్సులో, కొత్త పంపుతో, ఒక్క మనిషి బరువుతో, అక్కడి పెట్రోలుతో కొలిచినవి. గోపాల్‌పూర్‌లో ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు.

## శక్తి పెరిగినంత వేగం పెరగదు

నీటి మీద వేగం రెట్టింపు చేయాలంటే శక్తిని రెట్టింపు చేస్తే చాలదు. నీటి నిరోధం సుమారుగా వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ నిరోధాన్ని దాటడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. జెట్ స్కీ వేగం అందుకున్నాక నీటి మీదికి లేచి పరుగెడుతుంది కాబట్టి తడిసే భాగం తగ్గుతుంది. అందువల్ల అసలు సంబంధం వర్గానికీ ఘనానికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

దీనికి రుజువు కంపెనీల మోడళ్లలోనే ఉంది. సీ-డూ కంపెనీ స్పార్క్ మోడల్ 60 హార్స్‌పవర్‌తోనూ, 90 హార్స్‌పవర్‌తోనూ వచ్చింది. రెండింటిలోనూ 899 సీసీ రోటాక్స్ ఇంజనే. మొదటిది గంటకు సుమారు 65 కిలోమీటర్లు అందుకుంటే రెండోది 80 దగ్గర ఆగుతుంది. శక్తి 50 శాతం పెరిగింది, వేగం 20 శాతం చుట్టూ పెరిగింది. ఇదే కంపెనీ 1630 సీసీ ఇంజన్‌ను సూపర్‌ఛార్జర్ (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే యంత్రం) లేకుండా 130, 170 హార్స్‌పవర్ రూపాల్లో అమ్ముతుంది. అక్కడా 30 శాతం శక్తికి దక్కేది 12 శాతానికి అటూ ఇటూ వేగమే.

ఈ లెక్కను మార్పుల కిట్‌కు వర్తింపజేస్తే, 180 హార్స్‌పవర్ బండికి 20 హార్స్‌పవర్ కలిపితే శక్తి 11 శాతం పెరుగుతుంది. వేగం పెరిగేది 4 నుంచి 5 శాతం. గంటకు 100 కిలోమీటర్లు పోయే బండి 104 లేదా 105 పోతుంది. ఒడ్డున చూసేవాడికి ఆ తేడా కనిపించదు. వెనక కూర్చున్న పర్యాటకుడికి అసలే తెలియదు.

వేగానికి ఇంకో పరిమితి కూడా ఉంది. కంపెనీలు సాధారణంగా పెద్ద బండ్లను కూడా గంటకు 105–108 కిలోమీటర్ల దగ్గర సాఫ్ట్‌వేర్‌తో ఆపేస్తాయి. అమెరికా కోస్ట్ గార్డ్‌తో అక్కడి పరిశ్రమకు కుదిరిన అవగాహన ఇందుకు కారణం. 300 హార్స్‌పవర్ బండికి రీమ్యాప్ చేయించినవాళ్లు భారీ తేడా చూశామంటారు. ఆ తేడాలో ఎక్కువ భాగం ఈ పరిమితి తీసేయడం వల్ల వచ్చినదే. కొత్తగా పుట్టిన శక్తి అందులో కొంతే.

## వేడి గాలి, వేడి నీరు

ఇంజన్ శక్తి అది పీల్చే గాలి సాంద్రతను బట్టి ఉంటుంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 35 డిగ్రీల గాలి సుమారు 6 శాతం పలచన. మే నెలలో తీరపు ఉక్క దాన్ని ఇంకొంచెం తగ్గిస్తుంది. అంటే 180 హార్స్‌పవర్ ఇంజన్ ఇక్కడ 10 హార్స్‌పవర్ పైగా పోగొట్టుకునే నీళ్లలో దిగుతుంది. కిట్ ఇచ్చేదాంట్లో సగం వాతావరణమే పట్టుకుపోతుంది.

సూపర్‌ఛార్జర్ ఉన్న బండికి దెబ్బ ఇంకా పెద్దది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడిని ఇంటర్‌కూలర్ బయటి నీటితో తగ్గిస్తుంది. ఆ నీరే 29–30 డిగ్రీలుంటే గాలి అంతకంటే చల్లబడదు. వేడి గాలి, ఎక్కువ పీడనం కలిస్తే స్పార్క్ మంట చేరేలోపే మిగిలిన పెట్రోలు తనంతట తానే అంటుకుని పేలుతుంది. దాన్నే మెకానిక్కులు నాకింగ్ అంటారు. నీటి మీద కెరటాల చప్పుడులో నాకింగ్ వినిపించదు. పిస్టన్ అంచు కరిగాకే తెలుస్తుంది.

## పెట్రోలు బంకులో అసలు చిక్కు

ఈ చర్చల్లో అందరూ దాటేసేది ఇంధనం. జెట్ స్కీ తయారుచేసే పెద్ద కంపెనీల మాన్యువల్స్ అన్నీ 10 శాతం ఇథనాల్ వరకే ఒప్పుకుంటాయి. మన దేశంలో 2025 నాటికి సాధారణ పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది.

ఇథనాల్ లేని పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి. 10 శాతం ఇథనాల్ ఉంటే 14.1 చాలు. 20 శాతం ఉంటే 13.5 చుట్టూ. కార్లలో ఆక్సిజన్ సెన్సర్ దీన్ని పసిగట్టి ఇంధనం పెంచుతుంది. జెట్ స్కీల్లో ఎక్కువ వాటికి ఆ సెన్సర్ లేదు. సైలెన్సర్‌లోకి నీళ్లు పంపి చల్లబరిచే బండిలో దాన్ని నిలబెట్టడమే కష్టం. ఈసీయూ తన దగ్గరున్న పట్టిక ప్రకారమే పెట్రోలు చిమ్ముతుంది. ఫలితంగా 10 శాతానికి లెక్కగట్టిన ఇంజన్ 20 శాతంతో సుమారు 4 శాతం పేదగా, అంటే ఉండాల్సినదానికంటే పెట్రోలు తక్కువై, మండుతుంది. మామూలు ఇంజన్‌కు ఇది ఓర్చుకోగల తేడా. గరిష్ఠ శక్తి కోసం ఇంధనాన్ని అంచుదాకా తగ్గించి రాసిన రీమ్యాప్‌కు మాత్రం ఈ 4 శాతమే పిస్టన్ ఖరీదు.

ఇథనాల్ ఆక్టేన్ పెంచుతుంది కాబట్టి మేలేననే వాదన ఉంది. అది సగం నిజం. ఆక్టేన్ పెరిగితే నాకింగ్ తగ్గుతుంది. కానీ పేద మిశ్రమం వల్ల పెరిగే వేడిని ఆక్టేన్ ఆపదు.

అంకెల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. అమెరికా కిట్ మీద 91 ఆక్టేన్ అని ఉంటే అది అక్కడి కొలత. రెండు పద్ధతుల సగటుతో వాళ్లు ఆ అంకె వేస్తారు. మన దగ్గర వాడే రాన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబర్) కొలతలో అది 95–96కు సమానం. బీఎస్6 సాధారణ పెట్రోలుకు కనీస రాన్ 91గా ఉండేది. రెండూ 91 అనుకుని అలాంటి పెట్రోలు పోస్తే రీమ్యాప్ చేసిన ఇంజన్ నాలుగు అంకెలు తక్కువ ఇంధనంతో పరుగెట్టినట్టే. ప్రీమియం పెట్రోలులో రాన్ సరిపోవచ్చు, కానీ దాన్లో ఇథనాల్ ఎంతో అడిగి తెలుసుకోవాలి.

అడగడం కంటే కొలవడం సులువు. గీతలున్న 100 మిల్లీలీటర్ల గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీరు, పైన 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి మూత బిగించి కుదపాలి. పది నిమిషాలు నిలవనివ్వాలి. ఇథనాల్ నీటితో కలిసి కిందికి దిగుతుంది. కింది పొర 10 నుంచి ఎంత పెరిగితే ఆ 90 మిల్లీలీటర్లలో దాదాపు అన్ని మిల్లీలీటర్ల ఇథనాల్ ఉన్నట్టు. తీరంలో నెలల తరబడి ట్యాంకులో నిలవున్న పెట్రోలులో ఇదే పని దానంతట అదే జరగవచ్చు. గాలిలోని తేమ చేరి, నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంధన పంపు ముందు లాగేది ఆ అడుగునున్నదే. వానాకాలంలో బండి పక్కన పెట్టేటప్పుడు ఈ పెట్రోలు తీసేయడం తప్పనిసరి.

## పంపు: డబ్బు నిజంగా పోయే చోటు

జెట్ స్కీకి బయట ప్రొపెల్లర్ ఉండదు. అడుగునున్న జాలీ గుండా నీటిని లాగి, ఇంపెల్లర్‌తో తోసి, వెనక నాజిల్ గుండా చిమ్ముతుంది. ఇంపెల్లర్ రెక్కల కొసకూ, దాని చుట్టూ ఉండే వేర్ రింగుకూ మధ్య సందు కొత్తలో మిల్లీమీటరులో చిన్న భాగమే. ఆ సందు అర మిల్లీమీటరు దాటేసరికి తోసిన నీరు కొంత వెనక్కే జారిపోతుంది. అలాంటి పంపు వెనక ఇంజన్ శక్తి పెంచడం చిల్లు కుండలో ధార పెంచినట్టే.

గోపాల్‌పూర్ లాంటి చోట ఈ సందు ఎందుకు త్వరగా పెరుగుతుందో ఒడ్డున చూస్తే చాలు. బండిని దించేది కెరటం విరిగే చోటనే. అక్కడ మోకాలి లోతు నీళ్లలో ఇసుక ఎప్పుడూ లేచే ఉంటుంది. మాన్యువల్స్ కనీసం 60 నుంచి 90 సెంటీమీటర్ల లోతులోకి వెళ్లాకే స్టార్ట్ చేయమంటాయి. పర్యాటకుడు నడుము లోతుకు రానంటాడు. మోకాలి లోతులోనే స్టార్టు, అక్కడే ఆపడం. ప్రతిసారీ పిడికెడు ఇసుక పంపు గుండా పోతుంది. పంపు విప్పి వేర్ రింగు లోపల గోరు పెట్టి జరిపితే చుట్టూ గీతలు తగులుతాయి. గోరు ఆగేంత లోతు గీత కనిపిస్తే రింగు పని అయిపోయినట్టే. ఇంపెల్లర్ రెక్కల ముందంచు కత్తిలా ఉండాల్సింది మొద్దుబారి, పల్లు విరిగి ఉంటుంది.

చిలికాలో ఇసుక తక్కువ. అక్కడ నాచు, నీటి కలుపు. ఎండాకాలంలో చాలాచోట్ల నీటి లోతు రెండు మీటర్లు కూడా ఉండదు. కలుపు జాలీకి చుట్టుకుంటే పంపుకు నీరు అందదు. ఇంపెల్లర్ వెనక ఆవిరి బుడగలు పుట్టి పేలుతాయి. అదే కావిటేషన్. మోత పెరుగుతుంది, బండి కదలదు. ఈ స్థితిలో ఎక్కువ శక్తి ఇచ్చేకొద్దీ బుడగలే ఎక్కువ. కొత్త సీ-డూ మోడళ్లలో పంపును వెనక్కి తిప్పి చెత్త కక్కించే ఏర్పాటు వచ్చింది. పాత బండ్లలో ఇంజన్ ఆపి, తాళం తీసి, కిందికి దిగి చేత్తో లాగాల్సిందే.

### ఇంజన్‌దా, పంపుదా: తేల్చే పద్ధతి

పొద్దున్నే నీరు నిశ్చలంగా ఉన్నప్పుడు, ట్యాంకు సగం నింపి, ఎప్పుడూ ఒకే మనిషితో పూర్తి యాక్సిలరేటర్ మీద రెండు వైపులా నడపాలి. వేగం జీపీఎస్‌తో చూడాలి, బండి మీటరు ఎక్కువ చూపిస్తుంది. రెండు వైపుల సగటు తీసి, పక్కనే ఆర్‌పీఎం రాసుకోవాలి. మాన్యువల్‌లో ఇచ్చిన గరిష్ఠ ఆర్‌పీఎంతో దాన్ని పోల్చాలి.

ఆర్‌పీఎం ఉండాల్సినదానికంటే ఎక్కువ, వేగం తక్కువ అయితే లోపం పంపుది. రింగు అరిగింది, లేదా రెక్క దెబ్బతింది, లేదా పంపుకూ పడవ అడుగుకూ మధ్య సీలు పోయి గాలి పీల్చుకుంటోంది. ఆర్‌పీఎం తక్కువ, వేగమూ తక్కువ అయితే ఇంజన్ బలహీనంగా ఉంది, లేదా ఇంపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) మోసే బరువుకు ఎక్కువైంది. ఆర్‌పీఎం సరిగ్గా ఉండి వేగం మాత్రమే తక్కువైతే అడుగున పట్టిన నాచు, గుల్లలు, లోపల నిలిచిన నీరు చూడాలి. బండి తేలడానికి లోపల నింపే ఫోమ్‌లోకి ఇంకిన నీరు ఇరవై ముప్పయి కిలోల బరువు చేర్చి ఎవరికీ కనిపించకుండా ఉంటుంది.

తర్వాత ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకులు)తో రింగు సందును నాలుగు చోట్ల కొలవాలి. ఒక వైపు ఎక్కువ, ఎదురు వైపు తక్కువ వస్తే రింగు ఒక్కటి మార్చి లాభం లేదు. బేరింగు పోయింది, లేదా షాఫ్ట్ వరసలో లేదు. సీ-డూల్లో రింగు ప్లాస్టిక్‌ది, చవక. మార్చడానికి ఒక పూట చాలు. యమహాల్లో స్టీలు లైనర్ ఎక్కువ కాలం వస్తుంది, కానీ చెడితే ఖర్చు పెద్దది.

## బరువుకు తగిన ఇంపెల్లర్

ఫైబర్ బోటుకు మోటారు బిగించేవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. వలలు, ఐసు, ఐదుగురు మనుషులతో పోయే బోటుకు తక్కువ పిచ్ ప్రొపెల్లర్, ఖాళీగా దూరం పోయేదానికి ఎక్కువ పిచ్. జెట్ స్కీలోనూ అంతే. ముగ్గురితో కెరటం దాటాల్సిన బండికి పిచ్ కొంచెం తగ్గిస్తే పికప్ బాగుంటుంది. గరిష్ఠ వేగం రెండు మూడు కిలోమీటర్లు తగ్గుతుంది. అద్దె బండికి దాని వల్ల నష్టం లేదు. కెరటం వచ్చే లోపు బండి లేవడమే ఇక్కడ భద్రత కూడా.

పిచ్ మరీ తగ్గిస్తే ఇంజన్ ఆర్‌పీఎం పరిమితికి తగిలి కొట్టుకుంటుంది. పూర్తి బరువుతో నడిపినప్పుడు ఆర్‌పీఎం మాన్యువల్ చెప్పిన పరిధి పైఅంచున నిలిచేలా పిచ్ ఎంచుకోవాలి. మంచి స్టీలు ఇంపెల్లర్ విదేశాల్లో 350–450 డాలర్ల మధ్య దొరుకుతుంది. పాతదాని అంచులు సరిచేసి, పిచ్ మళ్లీ దిద్దించడానికి దాంట్లో కొంతే అవుతుంది. ఆ పని తెలిసినవాడు దొరకడమే కష్టం.

## కిట్ల ఖర్చు, దాని వెనక వచ్చే ఖర్చు

సూపర్‌ఛార్జర్ లేని బండికి మొదటి అంచె మార్పులంటే సాధారణంగా గాలి ఫిల్టరు, ఈసీయూ రీమ్యాప్, ఇంపెల్లర్. ఫిల్టరు 200–400 డాలర్లు, రీమ్యాప్ 500–600 డాలర్లు, ఇంపెల్లర్ పైన చెప్పినంత. డాలరు 85–90 రూపాయల లెక్కన లక్ష రూపాయల చుట్టూ. రవాణా, కస్టమ్స్, జీఎస్టీ, విశాఖ నుంచో చెన్నై నుంచో మెకానిక్ వచ్చి పోయే ఖర్చు కలిపితే లక్షన్నర దగ్గర తేలుతుంది. దక్కేది పైన చూసిన 4–5 శాతం వేగం.

అద్దె బండి మూడొందల గంటలు తిరిగే లోపు ఈ డబ్బు రావాలనుకుంటే గంటకు 500 రూపాయలు. రౌండ్ల మీద డబ్బు తీసుకునే చోట గరిష్ఠ వేగం చూసి ఎవరూ ఎక్కువ ఇవ్వరు. పైగా తీరం వెంట నడిపేవాడు పర్యాటకుడితో వంద దాటించడు, దాటించకూడదు. అదనపు శక్తి వాడినప్పుడు ప్రతి 10 హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 3 లీటర్ల పెట్రోలు అదనం. వాడకపోతే పెట్రోలు ఖర్చు లేదు నిజమే, అప్పుడు కిట్ దేనికో చెప్పడం కష్టం.

రెండో అంచెలో సూపర్‌ఛార్జర్ చక్రం, పెద్ద ఇంజెక్టర్లు, ఇంటర్‌కూలర్, ఇంధన పంపు చేరతాయి. ఇవి ఒకదాని వెనక ఒకటి రావాల్సినవి. గాలి పెంచి ఇంజెక్టరు పాతదే ఉంచితే మిశ్రమం పేదబడుతుంది. ఇంధనం పెంచి ఇంటర్‌కూలర్ పాతదే ఉంచితే వేడి. రెండూ పెంచి పంపు పాతదే ఉంచితే కావిటేషన్. సగంలో ఆపిన కిట్‌లే ఎక్కువ ఇంజన్లను తింటాయి. మధ్యలో డబ్బు అయిపోవడమే అందుకు ప్రధాన కారణం.

## కెరటంలో చెడిపోయే తీరు

తీరంలో బండి కెరటం మీద నుంచి గాల్లోకి లేచిన క్షణంలో పంపుకు నీరు ఉండదు. ఇంజన్ ఒక్కసారిగా ఆర్‌పీఎం పరిమితికి పోతుంది. మళ్లీ నీళ్లలో పడగానే పంపు దాన్ని పట్టి ఆపుతుంది. ఆ కుదుపు షాఫ్ట్, కప్లర్ పళ్లు, సూపర్‌ఛార్జర్ క్లచ్ మీద పడుతుంది. పాత 215, 255 హార్స్‌పవర్ సీ-డూల్లో ఆ క్లచ్‌లో సెరామిక్ వాషర్లు వాడారు. అవి పగిలితే ముక్కలు ఇంజన్ ఆయిల్లోకి పోతాయి. తర్వాత స్టీలు వాషర్లు వచ్చాయి. సెకండ్ హ్యాండ్‌లో అలాంటి పాత బండి కొన్నవాళ్లు శక్తి పెంచే ఆలోచనకు ముందు ఈ వాషర్లు మార్చారో లేదో తేల్చుకోవాలి. ఆయిల్ ఫిల్టరు కోసి చూస్తే తెల్లటి పలుకులు కనిపించడం చెడు గుర్తు.

తెరిచి ఉండే గాలి ఫిల్టర్ల మాట ప్రత్యేకంగా చెప్పాలి. కంపెనీ ఇచ్చిన గాలి పెట్టెలో నీటిని వేరుచేసే అడ్డు పలకలుంటాయి. కిట్‌లో అవి పోతాయి. నిశ్చలమైన సరస్సులో ఇబ్బంది ఉండకపోవచ్చు. తీరపు కెరటంలో బండి తిరగబడితే నీరు నేరుగా సిలిండర్‌లోకి చేరుతుంది. నీరు నొక్కుడు పడదు కాబట్టి స్టార్ట్ చేయగానే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తిరగబడిన బండిని వెనక స్టిక్కర్ చూపిన వైపుకే తిప్పాలి. స్పార్క్ ప్లగ్‌లు తీసి నీరు కక్కించాకే స్టార్టర్ నొక్కాలి. ఇంత జాగ్రత్త జనం గుమిగూడిన ఒడ్డున జరగదు.

పెరిగిన శక్తితో పెరిగే వేడిని మోయాల్సింది శీతలీకరణే. యమహా, కవాసాకీల్లో బయటి నీరే ఇంజన్ గుండా పోతుంది. సీ-డూలో ఇంజన్‌కు మూసిన వలయం, సైలెన్సర్‌కు మాత్రం బయటి నీరు. ఇసుక పట్టిన సన్నని గొట్టం మామూలు శక్తికి సరిపోయి, పెంచిన శక్తికి చాలకపోవచ్చు. రోజూ సాయంత్రం మంచినీటితో కడిగేటప్పుడు వరస తప్పకూడదు. ముందు ఇంజన్ స్టార్ట్ చేసి తర్వాత నీళ్లు తిప్పాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు ఆపేసి, రెండు మూడుసార్లు రేసిచ్చి, తర్వాత ఇంజన్ ఆపాలి. తిరగేస్తే సైలెన్సర్ నీరు సిలిండర్‌లోకి వెనక్కి వస్తుంది.

## ఎక్కడ లాభం ఉంది

కంపెనీ ఒకే ఇంజన్‌ను సాఫ్ట్‌వేర్‌తో తగ్గించి చవక మోడల్‌గా అమ్మిన చోట రీమ్యాప్ అర్థవంతమే. 60 హార్స్‌పవర్ స్పార్క్‌ను 90కి తేవడం ఇలాంటిదే. లోపలి భాగాలు ఆ శక్తికి తయారైనవే కాబట్టి ఇంజన్ మీద కొత్త భారం పడదు. ఇంపెల్లర్ సరిపోతుందో లేదో మాత్రం చూసుకోవాలి. అప్పుడు వచ్చే 15 కిలోమీటర్ల వేగం నిజంగా తెలుస్తుంది. అద్దెకు ఆ వేగం అక్కరలేదు, సొంత వాడకానికి మాత్రం పనికొస్తుంది.

రెండు స్ట్రోకుల పాత బండ్లలో సైలెన్సర్ పైపు, రీడ్ వాల్వులు, కార్బురేటర్ జెట్‌లతో వచ్చే తేడా నాలుగు స్ట్రోకుల వాటికంటే ఎక్కువ. పైపు ఆకారమే ఆ ఇంజన్ శక్తిని నిర్ణయిస్తుంది. జెట్ చిన్నదైతే పిస్టన్ పట్టేస్తుంది, అంతే తేడా. ఇంజన్‌ను సీజన్‌కోసారి విప్పడానికి సిద్ధపడే పోటీదారులకు గిట్టుబాటు లెక్క వర్తించదు.

శబ్దం పెంచే సైలెన్సర్ మార్పులతో నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో దక్కేది నామమాత్రం. చిలికాలో అవి అనవసరపు తగువు కూడా. 1981 నుంచి ఆ సరస్సు రామ్‌సర్ (ప్రపంచ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల) జాబితాలో ఉంది, ఇరావదీ డాల్ఫిన్లు ఉన్నాయి, నలబన పక్షుల అభయారణ్యం ఉంది. ఇటు ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు మోటారు బోట్ల వేటపై నిషేధం ఉంటుంది. గస్తీ తిరిగే కాలమూ, పర్యాటకుల కాలమూ ఒకటే.

బీమా సంగతి కూడా ముందే చూసుకోవాలి. పాలసీలో రాసిన ఇంజన్ శక్తికీ బండిలో ఉన్నదానికీ తేడా ఉంటే, ప్రమాదం జరిగిన రోజు కంపెనీ ముందు చూసేది అదే. ఈసీయూలో నడిపిన గంటలు, ఆర్‌పీఎంల చరిత్ర ఉంటుంది. డీలరు కంప్యూటరు పెట్టగానే బయటపడుతుంది. వారంటీ ఉన్న బండికి రీమ్యాప్ చేయించి, సర్వీసుకు ముందు పాత ఫైలు తిరిగి ఎక్కించినా ఆ చరిత్ర పూర్తిగా చెరగదు.

## ఖర్చు వరస

డబ్బు పెట్టక తప్పదనుకుంటే ముందు వేర్ రింగు, ఇంపెల్లర్ అంచులు, పంపు సీలు, బేరింగు. తర్వాత బండి అడుగు శుభ్రం, ఫోమ్‌లో నీరు ఉందేమో తూకం వేసి చూడటం. ఆపైన స్పార్క్ ప్లగ్‌లు, ఇంధన ఫిల్టరు, కంప్రెషన్ కొలత. సిలిండర్ల మధ్య కంప్రెషన్ తేడా 10 శాతం దాటితే రీమ్యాప్ మాట అక్కడితో వదిలేసి ఇంజన్ విప్పాలి. ఇవన్నీ అయ్యాక మళ్లీ అదే మనిషితో, అంతే పెట్రోలుతో, పొద్దున్నే జీపీఎస్ పరుగు తీయాలి. అద్దె బండ్లలో చాలావాటికి పోయిన వేగం ఇక్కడే తిరిగి వస్తుంది.

అప్పటికీ సరిపోలేదనిపిస్తే బరువుకు తగిన ఇంపెల్లర్. రీమ్యాప్ దాని తర్వాతే. అదీ 20 శాతం ఇథనాల్‌కు లెక్కగట్టి రాసినదైతేనే, ఆ మాట కాగితం మీద రాయించుకున్నాకే. రాయడానికి వెనకాడే ట్యూనర్ దగ్గర బండి దించకపోవడం మేలు.